కంచ, కుంట, బతుకమ్మ: నగర పచ్చదనానికి ఒక దేశీయ కొలమానం

తెలుగులో 'పచ్చ' అనే మాట ఒక్క రంగుకు కట్టుబడినది కాదు. ఆకుపచ్చ, పసుపుపచ్చ రెండూ పచ్చలే. పసుపు రాసిన గడప పచ్చగా ఉంటుంది. నాట్లు పడిన మడి కూడా పచ్చగానే ఉంటుంది. వండని కూరగాయ పచ్చిది, మానని గాయం పచ్చిది, ఎండని కట్టె పచ్చిది. ఇల్లు పిల్లాపాపలతో పచ్చగా ఉండాలని పెద్దలు దీవించేటప్పుడు ఆ మాటలో చెట్టూ లేదు, రంగూ లేదు. తడి ఉంది, బతుకు కొనసాగుతుందన్న నమ్మకం ఉంది. ఈ మాట నగర నిర్వహణ పరిభాషలోకి ప్రవేశించిన తరువాత దాని అర్థవిస్తృతి క్రమంగా కుదించుకుపోయింది. ప్రకటనల్లో, ప్రణాళికా పత్రాల్లో నేడు కనిపించే 'పచ్చదనం' నాటిన మొక్కల సంఖ్యగా, చెట్ల నీడ కప్పిన భూభాగపు శాతంగా మాత్రమే మిగిలింది.

ఈ కుదింపు కేవలం భాషావిషయం కాదు. ఏది పచ్చదనమో నిర్ణయించే మాటే ఏ భూమిని ఉంచాలో, దేన్ని చదును చేయాలో కూడా నిర్ణయిస్తుంది. హైదరాబాదు నగరాన్ని ఆధారంగా చేసుకొని, బతుకమ్మ ఆచారం ఇమిడ్చుకున్న పచ్చదన భావనను నేటి నగర హరిత భావనతో తులనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బతుకమ్మను స్త్రీల పాటగా, గౌరీపూజగా, ప్రాంతీయ అస్తిత్వ చిహ్నంగా చదివిన అధ్యయనాలు తెలుగులో తక్కువేమీ కావు. అయితే ఆ పండుగ జరగడానికి రెండు భౌతిక స్థలాలు తప్పనిసరి: ఎవరూ విత్తకుండా పూలు పూసే నేల ఒకటి, ఆ పూలను ఒప్పుకునే నీరు ఒకటి. ఈ రెండింటినీ ఆచారంలో భాగంగా చదవడం అంతగా జరగలేదు.

హారం అనే రూపకం

తెలంగాణ ప్రభుత్వం 2015 జూలై 3న చిలుకూరులో ప్రారంభించిన 'తెలంగాణకు హరితహారం' కార్యక్రమం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం, 230 కోట్ల మొక్కలు నాటడం లక్ష్యాలుగా ప్రకటించింది. పేరు పెట్టడంలో కవితాస్పృహ ఉంది. హారం అలంకారం, వేసేవారు వేరు, వేయించుకునేవారు వేరు. పూలు ఒకచోట పూస్తాయి, మాల మరొకచోట కడతారు, మెడ ఇంకొకరిది. కార్యక్రమం నడిచిన తీరులోనూ ఈ రూపకపు తర్కమే కనిపిస్తుంది: నర్సరీలో పెరిగిన మొక్క, శాఖలకు కేటాయించిన లక్ష్యం, రహదారి అనే మెడ. 2022లో హైదరాబాదుకు దక్షిణ కొరియాలోని జెజూలో ప్రపంచ హరిత నగర పురస్కారం లభించింది. అందుకు ఆధారమైనది బాహ్యవలయ రహదారి వెంట పెంచిన పచ్చదనం. రహదారి వలయాకారంలో ఉండటం వల్ల హారం అనే ఊహకు అక్షరాలా రూపం వచ్చింది.

ఆ కృషిని తక్కువ చేయడం న్యాయం కాదు. ఎండకాలంలో నీడలేని దారిలో నడిచినవారికి ఒక్క కానుగ చెట్టు విలువ కూడా తెలుస్తుంది. విమర్శకు తావిచ్చేది కొలమానమే. సంఖ్య లక్ష్యమైనప్పుడు త్వరగా పెరిగేది, పశువు ముట్టనిది, నీరు అడగనిది ఉత్తమ మొక్క అవుతుంది. కోనోకార్పస్ నగర వీధుల్లోకి విరివిగా వచ్చింది ఆ దారినే. దానిపై అభ్యంతరాలు వచ్చాక నాటడం మానవలసి వచ్చింది. అదే సమయంలో తంగేడు 2014 నుంచి రాష్ట్ర పుష్పం. ఏ లక్ష్యపు లెక్కలోకీ చేరకుండానే రాళ్ల మధ్య పూసే తంగేడును చిహ్నంగా స్వీకరించిన పాలన, అది పెరిగే నేలను మాత్రం 'ఖాళీ స్థలం'గానే చూసింది.

కావ్యనగరంలో తోట

ఈ చూపు నేటి పాలకులు కనిపెట్టినది కాదు. సాహిత్యంలోనే దీనికి పాత వేళ్లున్నాయి. మహాకావ్యానికి ఉండవలసిన వర్ణనలను దండి 'కావ్యాదర్శం'లో చెప్పినప్పుడు నగరం, ఉద్యానం, సలిలక్రీడ మూడూ ఆ జాబితాలో చోటు చేసుకున్నాయి. తెలుగు ప్రబంధకవులు అష్టాదశ వర్ణనలుగా దాన్ని శిరసావహించారు. ప్రబంధనగరంలో కోట, అగడ్త, మేడలు, వేశ్యవాటిక, పూలమ్మేవారు ఎలాగో ఉద్యానమూ అలాగే ఒక తప్పనిసరి అంగం. ఆ తోటలో నాయిక చెలులతో పుష్పాపచయం చేస్తుంది, విరహం అనుభవిస్తుంది, కొలనులో జలకాలాడుతుంది. తోటకు నీళ్లు తోడినవారు, పాదులు చేసినవారు సాధారణంగా పద్యంలోకి రారు. తోట అనుభవించే స్థలంగా ఉంటుంది తప్ప పనిచేసే స్థలంగా ఉండదు. నేటి నగరపు పార్కు, నడకదారి, రంగుదీపాల చెరువుకట్ట ఈ కావ్యోద్యానానికి దూరపు బంధువులే.

ఈ సంప్రదాయంలో 'ఆముక్తమాల్యద' ఒక విలక్షణమైన మినహాయింపు. విల్లిపుత్తూరును వర్ణిస్తూ కృష్ణదేవరాయలు మడికాలువల్లో తలలు రెక్కల్లో దూర్చుకొని నిద్రించే బాతులను చూపిస్తాడు. వేకువ స్నానాలకు వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలని భ్రమించి తలారులు వాటిని తీయబోతారు. బాతులు లేచి పరుగెడతాయి. చేను కాపుకాసే ఆడవాళ్లు నవ్వుతారు. భ్రాంతిమదలంకారానికి ఉదాహరణగా పాఠ్యపుస్తకాలు ఈ పద్యాన్ని స్థిరపరచాయి. అలంకారాన్ని పక్కనపెట్టి చూస్తే అది ఒక నగరవ్యవస్థ చిత్రం కూడా. ఆ ఊరిలో పొలం, కాలువ, స్నానఘట్టం, కావలి ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. మనిషి బట్టనూ అడవిపక్షినీ పోల్చుకోలేనంత దగ్గరగా ఉన్నాయి. అదే కావ్యంలో విష్ణుచిత్తుని తోట దేవునికి మాలలు కట్టే పనిచోటు. గోదాదేవి దొరికింది ఆ తులసివనంలోనే. కావ్యనామంలోని మాల్యం వెనుక రోజూ నీరుపోసే ఒక మనిషి ఉన్నాడు. హారాన్ని వర్ణించిన కావ్యాలు చాలా ఉన్నాయి. హారం వెనుక తోటపనిని కథకు మూలంగా నిలిపినది ఇదొక్కటే అనడం అతిశయోక్తి కావచ్చు గాని, అంత స్పష్టంగా నిలిపినది మరొకటి తేలికగా దొరకదు.

ఆధునిక కవిత్వం చెట్టుకు ఉద్యానంలో లేని గౌరవం ఇచ్చింది. ఇస్మాయిల్ చెట్టును ఆదర్శంగా ప్రకటించడం తెలుగు కవిత్వంలో ఒక మలుపు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' పువ్వుకు గొంతునిచ్చి, కోయవచ్చిన చేతిని సిగ్గుపడేలా చేసింది. ఈ రెండూ గొప్ప సంస్కారాలే. అయినా చెట్టు ఒంటరి మహావృక్షంగా, పువ్వు ఒంటరి బాధితురాలిగా కనిపించే ఈ కవిత్వంలో కలుపుమొక్కకు చోటు లేదు. గునుగు విలపించదు. దాన్ని ఎవరూ ఆదర్శంగా తీసుకోలేదు.

ఎవరూ విత్తని పూలు

బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ అష్టమినాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. వానలు వెనకబట్టి చెరువులు నిండే కాలం అది. గుట్టల వాలుల్లో తంగేడు, జొన్న, మక్క, కంది చేలగట్ల మీద గునుగు ఆ రోజుల్లోనే విరగబూస్తాయి. సిబ్బిలో ఆముదపు ఆకులో గుమ్మడి ఆకులో పరిచి, తంగేడు, గునుగు, బంతి, కట్ల, సీతజడ పూలను వలయాలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. తెల్లని గునుగును రంగుల్లో ముంచి అద్దడం పేర్పులోని ప్రధాన కళ. పేర్పు ఎత్తుకు, పూల వరుసకు, రంగుల పొందికకు ఊరి ఆడవాళ్ల మధ్య మౌనంగా పోటీ నడుస్తుంది. తొమ్మిది రోజుల్లో ఆరవనాడు బతుకమ్మ అలుగుతుంది, ఆనాడు పేర్చరు. ఏకధాటి ఉత్సవంలో ఒక విరామదినాన్ని ఆచారంగా మార్చిన ఈ ఊహలోని హాస్యాన్ని పరిశోధకులు ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

పూల జాబితాను వృక్షశాస్త్ర దృష్టితో కాక భూమి దృష్టితో చదివితే ఒక విషయం స్పష్టపడుతుంది. బంతి, చామంతి పెరట్లో, పొలంలో పెంచేవి. గుమ్మడి, బీర కూరపాదులు. తంగేడు, గునుగు ఈ రెండింటినీ మాత్రం ఎవరూ నాటరు. తంగేడును పశువులు అంతగా మేయవు. దాని బెరడు తోలు పదును చేయడానికి, కొమ్మ పచ్చిరొట్ట ఎరువుకు, పుల్ల పళ్లు తోముకోవడానికి పనికొస్తాయి. గునుగు రైతు దృష్టిలో కలుపు. లేతగా ఉన్నప్పుడు పేదింటి కూర. ఇలా బతుకమ్మ పేర్పులో పెరడు, పొలం, బీడు మూడూ ఒకే పళ్లెంలోకి వస్తాయి. ఇందులో పెద్ద వాటా బీడుది. ఒక గ్రామంలో బతుకమ్మ ఎంత ఎత్తు లేస్తుందన్నది ఆ ఊరి చుట్టూ ఎంత నేల ఎవరి పేరా దున్నకుండా మిగిలిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. తెలంగాణ రెవెన్యూ వాడుకలో కంచ, బంచరాయి, పోరంబోకు, శిఖం అనే మాటలు ఈ దున్నని, పంచని నేలలకు పేర్లు. బతుకమ్మ ఒక విధంగా వాటి వార్షిక జమాబందీ.

ఇక్కడ 'పచ్చ' అనే మాట మళ్లీ తన పూర్తి అర్థాన్ని చూపుతుంది. తంగేడు పసుపుపచ్చ, గౌరమ్మ పసుపుముద్ద, కింద పరిచిన ఆకు ఆకుపచ్చ. పండుగ పేరులోనే బతుకు ఉంది. పుష్పవిలాపపు నైతికతకూ దీనికీ మధ్య తేడా గమనించదగినది. అక్కడ పువ్వును కోయడం హింస. ఇక్కడ పువ్వును కోయడానికి వెళ్లడం అంటే ఆ పువ్వు ఏ గుట్ట పక్క ఏ తేమలో మళ్లీ ఏడాది వస్తుందో గుర్తుంచుకోవడం. జాలికంటే జ్ఞాపకం ఎక్కువగా పనిచేసే ఆచారం ఇది. తెల్లవారుజామున పిల్లలు, మగవారు సంచులతో బయలుదేరి పూలు తేవడం, ఆ తోవలను మరుసటి తరానికి చూపడం పాటలతో సమానంగా మౌఖిక సంప్రదాయమే. 'తెలుగు జానపద గేయ సాహిత్యము'తో బిరుదురాజు రామరాజు ఈ రంగానికి విశ్వవిద్యాలయ గౌరవం తెచ్చిన తరువాత గేయాల సేకరణ విస్తరించింది. పూలతోవల సేకరణ మాత్రం ఆ స్థాయిలో జరగలేదు.

రెండు అతిశయోక్తులను ఈ సందర్భంలో తొలగించుకోవాలి. బతుకమ్మ పూలలోని ఔషధగుణాలు చెరువునీటిని శుద్ధి చేస్తాయన్న వాదం పండుగ వ్యాసాల్లో ఏటా పునరావృతమవుతుంది. కొలతలు లేకుండా దాన్ని శాస్త్రంగా ప్రకటించడం ఆచారానికి మేలు చేయదు. మురుగుకాలువలు కలిసే హుస్సేన్‌సాగర్‌ను ఎన్ని సిబ్బెల తంగేడూ కడగలేదు. పైగా ఆ వాదం, నీటిని పాడుచేసినవారి బాధ్యతను పూలమీదికి నెడుతుంది. రెండవది, ఊరంతా ఒకే వలయంలో ఆడిందన్న చిత్రం. అనేక గ్రామాల్లో వాడలను బట్టి ఆటలు విడిగా సాగాయి. ఎవరి బతుకమ్మ ఏ రేవులో దిగాలన్నది కూడా కులమే నిర్ణయించింది. ఉమ్మడి నేలపై పూసిన పూలు ఉమ్మడి వలయాన్ని వాటంతటవే సృష్టించలేదు. సామూహికతను నగరానికి నమూనాగా ప్రతిపాదించేవారు ఈ వాస్తవాన్ని దాటవేయలేరు.

నగరంలో ఈ పండుగ రూపం సహజంగానే మారింది. గునుగు, తంగేడు పల్లెల నుంచి కట్టలుగా వచ్చి చౌరస్తాల్లో అమ్ముడవుతాయి. ఏరుకొచ్చినది కొనుగోలు సరుకైంది. అమ్మే స్త్రీకి అది నాలుగు రోజుల ఆదాయం కాబట్టి దీన్ని పతనంగా మాత్రమే చూడటం తగదు. కానీ నగరవాసికి పూలతోవ తెలియకుండా పోయింది. గునుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చోట, అది ఎక్కడ మాయమైందో కూడా తెలియదు. 2014లో రాష్ట్ర పండుగ అయిన తరువాత ఎత్తు, సంఖ్య ముందుకొచ్చాయి. 2016లో ఎల్.బి. స్టేడియంలో వేలాది స్త్రీలు ఒకే బతుకమ్మ చుట్టూ ఆడి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. ఆ ఆనందాన్ని ప్రశ్నించనక్కరలేదు. స్టేడియంలో చెరువు ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోదగిన విషయం. మొక్కలను కోట్లలో, బతుకమ్మను అడుగుల్లో లెక్కించేది ఒకే గణనబుద్ధి.

మిద్దె మీది నేల

నేల అందనివారు నగరంలోనే వెదుక్కున్న సృజనాత్మక సమాధానం మిద్దెతోట. కథకుడిగా పరిచితులైన తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలోని తమ ఇంటిపై కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, పూలు పండించి, ఆ అనుభవాన్ని 'మిద్దెతోట' పుస్తకంగా అందించారు. ఆయన కృషిలో మాటకు కూడా పాత్ర ఉంది. ఆంగ్లపదాన్ని అనువదిస్తే 'పైకప్పు ఉద్యానం' వంటి సమాసం వచ్చేది. అందులో మళ్లీ ప్రబంధపు వాసన ఉండేది. 'మిద్దె', 'తోట' రెండూ ఇంటిమాటలు. తోట అన్నప్పుడు ఎర్రమట్టి, పశువుల ఎరువు, నీటితొట్టి, చీడ, చేతికంటే మురికి అన్నీ మనసులోకి వస్తాయి. చూసే పచ్చదనం తినే పచ్చదనంగా మారింది; వంటింటి వ్యర్థం ఎరువు కావడం, మిగిలిన విత్తనం పొరుగువారి తొట్టిలోకి వెళ్లడం మొదలైంది. కథకుని శ్రద్ధ అంటే వివరాల మీద శ్రద్ధ. ఆ శ్రద్ధే ఈ తోటలను వార్తాపత్రికల ఇంటిపంట శీర్షికల స్థాయి దాటించి ఒక జీవనశైలిగా నిలిపింది.

పరిమితి కూడా అక్కడే ఉంది. మిద్దెతోటకు మొదట మిద్దె కావాలి. అద్దె ఇంటివారికి, అపార్టుమెంటు మధ్య అంతస్తువారికి, రేకుల కప్పు కింద బతికే బస్తీవారికి ఆకాశం ఉంది గాని మోసే కప్పు లేదు. విత్తనాల పంపకం ఎంత ఉదారంగా సాగినా తోట మాత్రం సొంత ఆస్తి హద్దుల లోపలే పెరుగుతుంది. బతుకమ్మ చూపే పచ్చదనం దీనికి విలోమం: పేర్చేది ఇంట్లో, పూసేది అందరిదైన నేలమీద, చేరేది అందరిదైన నీటిలో. మిద్దెతోట తీర్చే అవసరం నిజమైనది. అయితే నేలమీది ఉమ్మడి స్థలం పోయిన లోటును ఇది తీరుస్తుందని నగరం అనుకుంటే, ఆ తృప్తి ప్రమాదకరం.

2025: ఒక ఏడాది, రెండు స్థలాలు

బతుకమ్మకు కావలసిన రెండు స్థలాలూ హైదరాబాదులో ఒకే ఏడాది వార్తల్లోకెక్కాయి. వాటిని విడివిడిగా చదివారు.

మొదటిది కంచ గచ్చిబౌలి. హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న సుమారు 400 ఎకరాలను అభివృద్ధి కోసం చదును చేసే పని 2025 మార్చి చివర మొదలైంది. విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయించింది. వివాదమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: అది అడవా, కాదా? చట్టానికి ఆ ప్రశ్న అవసరం కావచ్చు. సమాధానం మాత్రం ఊరిపేరులోనే సగం ఉంది. కంచ అంటే పశువుల మేతకు విడిచిన నేల. అది సాగుభూమి కాదు, దట్టమైన అడవీ కాదు. రాళ్లు, పొదలు, గడ్డి, వానకుంటలు కలగలిసిన దక్కను నేల. ఆధునిక పాలనాభాషలో అటువంటి నేలకు గౌరవపదం లేదు. అడవి అని రుజువైతే కాపాడాలి, కాకపోతే అమ్మవచ్చు అనే రెండే గదులున్నాయి. ఆ భూమిని కాపాడదలచినవారు కూడా దాన్ని అడవిగా నిరూపించవలసి వచ్చిందన్నది ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయం. 'కంచ' అనే మూడవ గది భాషలో ఉంది, ఫైలులో లేదు. 'పిచ్చిమొక్కలు' అనే మాట ఆ ఖాళీని నింపుతోంది. తంగేడు పిచ్చిమొక్క అయిన చోట బుల్‌డోజరు శుభ్రత అవుతుంది.

రెండవది బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మ కుంట. ఆ పరిసరాల స్త్రీలు అక్కడ బతుకమ్మలను వదలడం వల్ల వచ్చిన పేరు అది. పాత రికార్డుల్లో 14 ఎకరాలకు పైబడి ఉన్న కుంట మట్టికుప్పలతో, ఆక్రమణలతో పూడిపోయి, చివరకు 5 ఎకరాల మేర మాత్రమే మిగిలింది. 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ దాన్ని తవ్వించినప్పుడు నీరు పైకి వచ్చింది. 2025 సెప్టెంబరు 28న, బతుకమ్మ రోజుల్లోనే, కుంటను ముఖ్యమంత్రి ప్రారంభించారు. నీరు కనిపించని ఏళ్లలో అక్కడ కుంట ఉన్నదని చెప్పిన సాక్ష్యాలు రెండు: సర్వే రికార్డు, స్త్రీల ఆట పెట్టిన పేరు. నగరంలో అనేక బాగులు తోటలు పోయాక కూడా పేర్లుగా మిగిలాయి. బాగ్ అంబర్‌పేటలోని 'బాగ్' అటువంటిదే. ఇక్కడ పేరు వెనక్కి నడిచి నీటిని చేరుకుంది. జానపద ఆచారం నగర పత్రాగారంగా పనిచేసిన అరుదైన ఉదాహరణగా దీన్ని నమోదు చేయవలసి ఉంది.

పునరుద్ధరణ జరిగిన తీరు మరొక ప్రశ్నను లేవనెత్తుతుంది. చెరువుల విషయంలో తరచూ వాడే మాట 'సుందరీకరణ'. కట్టకు రాతిగోడ, చుట్టూ నడకదారి, దీపాలు, గేటు, పచ్చిక. కుంట అంచు అనేది నీరూ నేలా కలిసే, ఏడాదిలో కొన్నాళ్లు తడిసి కొన్నాళ్లు ఆరే ప్రదేశం. శిఖం అనే పాత మాట పేరు పెట్టింది ఆ మారే అంచుకే. సిమెంటు గోడ ఆ అంచును గీతగా మారుస్తుంది. గీత కావడం వల్ల ఆక్రమణ ఆగుతుందన్న వాదంలో బలం ఉంది. నగరంలో అంచు మెత్తగా ఉన్న ప్రతిచోటా మట్టి లారీ వచ్చింది. అయినా బతుకమ్మ పేరుగల కుంట చుట్టూ పచ్చిక, తెచ్చి నాటిన అలంకార మొక్కలు మాత్రమే ఉండి, పేర్చే పూలు వంద కిలోమీటర్ల అవతలి నుంచి రావలసివస్తే, ఆచారంలో సగమే తిరిగి వచ్చినట్లు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కోర్టుకెక్కిన నేల, సెప్టెంబరులో తెరుచుకున్న నీరు ఒకే పండుగకు చెందిన రెండు చేతులు. ఒకదానిపై వచ్చిన చర్చలో రెండవదాని ప్రస్తావన దాదాపు లేకపోవడం, పర్యావరణ చర్చకూ సాంస్కృతిక చర్చకూ మధ్య తెలుగులో ఎంత దూరం ఉందో చూపుతుంది.

ఈ దూరాన్ని తగ్గించే పని పెద్ద నిధులు కోరేది కాదు; కొంత నేలను వదిలేసే ధైర్యం కోరేది. ఏ చెరువుకట్ట వెలుపలి వాలులోనైనా, ఏ పార్కు మూలలోనైనా కొంత స్థలాన్ని నాటకుండా విడిచి, దాని బాగోగులను పక్క బస్తీ స్త్రీల బృందానికి అప్పగించవచ్చు. పూలు ఎవరు ఎంత కోయాలి, విత్తనానికి ఎన్ని వెన్నులు విడవాలి, అన్ని వాడలకూ సమానంగా అందుతున్నాయా అన్న నిర్ణయాలు వారివి కావాలి. పాత ఊరి రేవులో కులం వేసిన గీతను ఈ కొత్త నేలమీద చెరిపే అవకాశం కూడా అక్కడే ఉంటుంది. నగరపాలక సిబ్బందికి అందులో ఒకే ఒక్క పని, అదీ పని చేయకపోవడమే. తొలకరికి మొలిచే గునుగు వెన్ను తీసేది భాద్రపదంలో. వానాకాలపు పారిశుద్ధ్య కార్యక్రమంలో భాగంగా శ్రావణంలోనే గడ్డికోత యంత్రం తిరిగితే ఆ నేల శుభ్రంగానే కనిపిస్తుంది. ఎంగిలిపూలనాటికి అక్కడ కోయడానికి ఏమీ ఉండదు. కోత తేదీని సద్దుల బతుకమ్మ దాటాక, విత్తనం రాలిన తరువాతికి, అంటే కార్తీకానికి మార్చడం ఒక సర్క్యులరుతో అయ్యే పని.